ఏలినవారి భయం ఎక్కడుంటే బ్యారక్ అక్కడ!

సికింద్రాబాద్‌లో సైన్యం రాతి గోడలు వదిలింది. హుజూర్‌నగర్ పల్లెల్లో గుర్తుకో రాయి కూడా పాతలేదు. రెండు చోట్లా పాలకులు ఎవరికి భయపడ్డారో చూస్తే ఈ తేడా ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

హుజూర్‌నగర్ తాలూకాలో కంటోన్మెంటు ఎన్నడూ లేదు. అయినా 1948లో నిజాం రాజ్యంపై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య నాటి సంగతులు కదిలిస్తే పెద్దల నోట ముందుగా వచ్చేది మిలిటరీ క్యాంపే. ఆ క్యాంపుల కథ తెలియాలంటే విజయవాడ రోడ్డు పట్టుకుని ముందు హైదరాబాద్ వెళ్లాలి.

నిజాం పక్కనే కాపలా

నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన పటాలాలు ఈస్టిండియా కంపెనీకి కంటగింపు. 1798లో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది సైన్య సహకార ఒప్పందం చేసుకుని కంపెనీ ఆ పటాలాల చేత ఆయుధాలు దింపించింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన తన సేనను నిలిపింది. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరుమీద ఆ దండు సికింద్రాబాద్ అయింది. పేరుకు నిజాం రక్షణ, పనికి నిజాం మీద నిఘా.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేశారు. దాంతో భయం దిశ మారింది. ప్రజలు తిరగబడితే తెల్లవారు తలదాచుకునేందుకు సికింద్రాబాద్ తిరుమలగిరిలో కందకంతో కోట లాంటి స్థావరం లేచింది. బురుజులున్న సైనిక జైలు కూడా అక్కడిదే.

నిజాం భయం నిజాంది. తన కాపలాకు ఊళ్లో చుట్టరికాలు లేని దూరదేశస్తులను తెచ్చుకున్నాడు. అరబ్బు సైనికుల నివాసాలే నేటి బార్కస్. ఆఫ్రికన్ అశ్వికదళం ఉన్న పేట ఏసీ గార్డ్స్. ఆ దళాలు పోయినా వారి సంతతి ఇంకా నగరంలోనే ఉంది.

కోదాడ మీదుగా

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి కదిలింది. ప్రధాన దాడి షోలాపూర్ వైపు నుంచి. విజయవాడ వైపు నుంచి వచ్చిన దండు ఆ ఉదయానికే హుజూర్‌నగర్ పొరుగున ఉన్న కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాలలో ఉంది. మర్నాడు విమానదాడి తర్వాత సూర్యాపేట గూర్ఖా సైనికుల వశమైంది. వెనక్కి తగ్గుతూ నిజాం సేన మూసీ వంతెనను పేల్చింది గానీ అక్కడ కాపలా పెట్టలేదు. సైన్యం చకచకా బాగుచేసుకుని దాటింది. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు.

యుద్ధం అయిదు రోజుల్లో ముగిసినా పల్లెలకు తెరిపి దొరకలేదు. నిజాం పక్షాన పోరాడిన రజాకార్లు పోయారు, పారిపోయిన దొరలు తిరిగొచ్చారు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటంలో దొరల నుంచి తీసుకుని పంచుకున్న భూమిని వదలబోమని రైతులు పట్టుబట్టారు. కమ్యూనిస్టు పార్టీ లెక్కలో అది 3000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు. అప్పటి నల్లగొండ జిల్లాలో హుజూర్‌నగర్, సూర్యాపేట తాలూకాలు ఆ పోరాటానికి గట్టి పట్టున్న చోట్లు. 1951 అక్టోబరు 21న పార్టీ సాయుధ పోరాటం విరమించేదాకా సైన్యం, సాయుధ పోలీసులు ఇక్కడ గెరిల్లా దళాల కోసం గాలించారు.

ఈసారి ఏలేవారికి భయం కోటలోని రాజు వల్ల కాదు, ఊరూరా ఉన్న రైతు వల్ల. అతను ఒక్కచోట ఉండడు. కాబట్టి ఒక్కచోట రాతి బ్యారక్ కట్టి లాభం లేదు. అదును చూసి దిగాలి, పనయ్యాక మరో ఊరికి కదలాలి. అలా దిగిన క్యాంపుకు పునాది ఉండదు, శిలాఫలకం ఉండదు.

బోర్డు మీద ఏం రాయాలి?

తిరుమలగిరి గోడల వయసు రాతిని చూసి చెప్పొచ్చు. పల్లెలో క్యాంపు పడిన చోటును మనిషే చూపించాలి. 1948లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. వారు చూపించగలిగినన్నాళ్లే పంచాయతీలు, బడిపిల్లలు ఆ చోట్లను గుర్తించి రాసిపెట్టుకోవాలి. ఖర్చుతో కూడిన పని కాదు, ఆలస్యం చేస్తే కుదిరే పనీ కాదు.

ఆ చోట్ల బోర్డు పెట్టే రోజు వస్తే దానిమీద పటాలం పేరు, తేదీ మాత్రమే రాస్తే సగం చరిత్రే. ఆ పటాలం ఎవరి మీదికి దిగిందో, వాళ్లు ఏం అడిగారో కూడా రాయాలి.