డమ్మీ సూది తీసుకున్నవాళ్లూ లెక్కలోకి వస్తారు

మా ఇల్లు మచ్చ బొల్లారంలో. అక్కడి నుంచి రాజీవ్ రహదారి ఎక్కి హకీంపేట, తూంకుంట దాటితే శామీర్‌పేట. ఇంకొంచెం ముందుకెళ్తే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. మన దేశం సొంతంగా తయారుచేసుకున్న తొలి కోవిడ్ టీకా కోవాగ్జిన్‌ను ఐసీఎంఆర్‌తో కలిసి రూపొందించిన భారత్ బయోటెక్ అక్కడే ఉంది. టీకా ల్యాబులోనే తయారైంది. కానీ అది పనిచేస్తుందని తేలింది మాత్రం చెయ్యి చాపి సూది వేయించుకున్న మామూలు మనుషుల వల్ల.

మా తాతయ్యకు ఊపిరితిత్తుల జబ్బు. ఆస్పత్రిలో ఒక రీసెర్చ్ స్టడీలో చేరతారా అని అడిగారట. ఇంటికొచ్చి నన్నడిగాడు: "నా మీద ప్రయోగాలు చేస్తరా ఏందిరా?" ఆయనకు చెప్పడం కోసం నేను చదివి తెలుసుకున్నవే ఇవి.

స్టడీ అంటే ప్రతిసారీ కొత్త మందు కాదు. కొన్నింటిలో పరీక్షలే ఉంటాయి. ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీసుకుంటారు, స్పైరోమెట్రీ చేస్తారు. అంటే గొట్టంలోకి గట్టిగా ఊదమని, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో కొలుస్తారు. మందునో టీకానో పరీక్షించేది ట్రయల్.

కోవాగ్జిన్ తొలి దశ ట్రయల్ 2020 జూలైలో మొదలైనప్పుడు మన పంజాగుట్ట నిమ్స్ కూడా ఒక కేంద్రం. అదే ఏడాది నవంబరులో మొదలైన మూడో దశలో దాదాపు 25,800 మంది చేరారు. సగం మందికి టీకా, సగం మందికి డమ్మీ సూది. ఎవరికి ఏది వేశారో వాళ్లకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. చివరికి లెక్కలోకి తీసుకున్న 130 కేసుల్లో 106 డమ్మీ వైపు, 24 టీకా వైపు తేలాయి. 77.8 శాతం అన్న ఫలితం అలా వచ్చింది. ఆ 106 లేకపోతే ఈ 24కు అర్థమే లేదు. మన ల్యాబులో రిఫరెన్స్ లేని రీడింగ్ లాంటిదే. అందుకే డమ్మీ సూది తీసుకున్నవాళ్ల కష్టం వృథా కాదు.

ఇంకా పాత ఉదాహరణ మద్రాసులో ఉంది. అప్పట్లో టీబీ వస్తే శానటోరియంలో నెలల తరబడి ఉంచేవారు. 1956లో మొదలైన ఒక స్టడీలో 193 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇంటి దగ్గరే, ఇంకో గుంపుకు శానటోరియంలో మందులిచ్చారు. ఇంటి వైద్యం దాదాపు అంతే బాగా పనిచేసిందని 1959లో తేలింది. ఈరోజు టీబీ రోగి ఇంట్లోనే ఉండి మాత్రలు వేసుకుంటున్నాడంటే అందులో వాళ్ల పుణ్యం కూడా ఉంది.

అయితే తాతయ్య భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా స్టడీ జరిగింది. అది ఊపిరితిత్తులకు సంబంధించింది కాదు గానీ, పాఠం మాత్రం అందరికీ వర్తిస్తుంది. చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుబట్టింది.

ఇప్పుడు ట్రయల్స్‌కు 2019 నాటి నియమాలున్నాయి. వాటి ప్రకారం మనం అడగాల్సినవి ఇవి:

ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా?

క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? నంబరిస్తే ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

సమ్మతి పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉందా? మనకొక కాపీ ఇస్తారా?

ట్రయల్ వల్ల ఏదైనా అయితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఎవరిస్తారు?

మధ్యలో మానేస్తే మామూలుగా అందే వైద్యం ఆగదు కదా?

ఆఖరి మాట మన హాస్టళ్లకు. "రెండు రాత్రులుంటే చాలు, డబ్బులొస్తాయి" అనే మెసేజ్‌లు మన గ్రూపుల్లోనూ తిరుగుతాయి. పాకెట్ మనీ కోసం పాత స్టడీని దాచి కొత్తదాంట్లో చేరితే, రెండు మందులు ఒకే ఒంట్లో కలుస్తాయి. మన ఆరోగ్యమూ పాడు, డేటా కూడా పాడు. వెళ్లాలనుకుంటే వెళ్లండి. ముందు పై ప్రశ్నలన్నీ అడగండి. పిలిచినవాడు విసుక్కుంటే మాత్రం సంతకం పెట్టకుండా లేచి వచ్చేయండి.