వీధి ఫోటోకు ఎంతసేపు పడుతుంది?

1838లో పారిస్ నగరంలో డాగూర్ అనే ఆయన కిటికీలోంచి కింది వీధిని ఫోటో తీశాడు. అది చాలా రద్దీగా ఉండే వీధి. గుర్రపు బళ్ళూ, జనమూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. కాని ఫోటోలో చూస్తే వీధి బోసిగా ఉంది. బళ్ళు లేవు, జనం లేరు. ఒక మూల మాత్రం ఒక మనిషి కనిపిస్తాడు. ఒక కాలు కాస్త ఎత్తిపెట్టి, బూటుకు పాలిష్ వేయించుకుంటున్నాడు.

మిగతా వాళ్ళంతా ఏమైనట్టు?

వాళ్ళెక్కడికీ పోలేదు. ఆ రోజుల్లో ఫోటో పలకకు వెలుగు తగలగానే బొమ్మ పడేది కాదు. కెమేరా కన్ను కొన్ని నిమిషాలపాటు తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఒకచోట నిలవకుండా నడిచిపోయిన మనిషి నుంచి వచ్చిన వెలుగు పలక మీద ఏ ఒక్క చోటా సరిపోయినంత పడలేదు. బూటు పాలిష్ కోసం కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం బొమ్మకెక్కాడు.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తున్నది. ఫోటో అంటే కాలంలోంచి కోసిన ఒక ముక్క. ముక్క మందంగా కోస్తే ఒక రకమైన వీధి, పలచగా కోస్తే ఇంకో రకమైన వీధి కనిపిస్తాయి. వీధి ఫోటోలు తీయడం సరదాగా పెట్టుకునేవారు ముందు నేర్చుకోవలసింది ఈ ముక్క కోయడమే.

మనుబోలులో ఒక లెక్క

నెల్లూరు జిల్లా మనుబోలునే తీసుకోండి. గూడూరు నుంచి నెల్లూరు వెళ్ళే రోడ్డూ, రైలు మార్గమూ రెండూ ఈ ఊరి మీదుగానే పోతాయి. నడిచే మనిషి, సైకిలు, ఆటో, బస్సు, రైలు – అన్ని రకాల వేగాలూ ఇక్కడ ఉన్నాయి. వేగాన్ని ఫోటోలో పట్టుకోవాలనుకునేవారికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ పని ఒక్కరికంటే ఇద్దరికి సులువు. మీ స్నేహితుణ్ణో, స్నేహితురాలినో వెంటబెట్టుకోండి. ఊరి లోపల బళ్ళు తిరగని వీధిలో 10 మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. ఒకరు మామూలుగా నడవండి, ఇంకొకరు గడియారం చూడండి. సుమారు 7 సెకన్లు పడుతుంది. అంటే సెకనుకు 140 సెంటీమీటర్లన్నమాట.

ఇప్పుడు కెమేరా కన్ను సెకనులో 60వ వంతు కాలం తెరుచుకున్నదనుకోండి. ఆలోపల మనిషి 2.3 సెంటీమీటర్లు జరుగుతాడు. బొమ్మ అంచులు కొంచెం చెదురుతాయి. సెకనులో 500వ వంతు అయితే జరిగేది 3 మిల్లీమీటర్లే. బొమ్మ స్పష్టంగా వస్తుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సంగతేమిటి? అది సెకనులో 60వ వంతులో 28 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక జాన పైన జరుగుతుంది. దాని మీది ఊరి పేరు చదవలేము. 1000వ వంతులో అయితే అది జరిగేది 1.7 సెంటీమీటర్లు మాత్రమే.

ఇంకొక విశేషం. అదే బస్సు మనకు అడ్డంగా కాక ఎదురుగా వస్తుంటే బొమ్మ అంతగా చెదరదు. అది చోటు మారదు, కొద్దిగా పెద్దదవుతుంది, అంతే.

టీ కొట్టు దగ్గర కూడా ఈ లెక్క చూడవచ్చు. టీ తిరగబోసేటప్పుడు అర మీటరు ఎత్తునుంచి పడే ధార అడుగుకు వచ్చేసరికి సెకనుకు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. 60వ వంతులో అది 5 సెంటీమీటర్లు జారిపోతుంది కనుక ఫోటోలో నున్నటి తీగలా కనిపిస్తుంది. 1000వ వంతులో తీస్తే ఆ తీగ అక్కడక్కడా తెగి, బొట్లుబొట్లుగా కనిపించవచ్చు. రెండూ నిజమే. మన కన్ను మాత్రం మొదటిదాన్నే చూస్తుంది.

బిందె నిండాలి గదా!

అయితే ఎప్పుడూ 1000వ వంతే పెట్టుకోవచ్చు గదా అంటారేమో. కొళాయి కింద బిందె పెట్టారనుకోండి. ధార లావుగా ఉంటే బిందె త్వరగా నిండుతుంది, సన్నగా ఉంటే ఆలస్యమవుతుంది. ఫోటోకు వెలుగు కూడా అంతే. కాలం తగ్గిస్తే కెమేరా కంటి రంధ్రం పెంచాలి, లేదా బయట వెలుగైనా ఎక్కువ ఉండాలి. రెండూ లేకపోతే బొమ్మ చీకటిగా వస్తుంది.

చాలా ఫోన్లలో కంటి రంధ్రం మారదు. అందుకే సాయంత్రమయ్యేసరికి ఫోను తనంతట తానే కాలం పెంచుతుంది, దొరికిన కొద్దిపాటి వెలుగును హెచ్చించి చూపుతుంది. నడిచే మనిషి చెదిరిపోవడం, బొమ్మంతా ఇసుక చల్లినట్టుండటం ఇందువల్లనే. ఫోనులో ‘ప్రో’ అనే పద్ధతి ఉంటే కాలాన్ని మీరే నిర్ణయించవచ్చు.

మరి మిట్టమధ్యాహ్నం వెలుగు పుష్కలం గదా? వెలుగు ఉంటుంది, ముఖం ఉండదు! మనుబోలు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏప్రిల్ చివరా, ఆగస్టు మధ్యలో మళ్ళీ ఒకసారీ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడ కాళ్ళకిందే ముడుచుకుంటుంది. నుదురు తెల్లగా మెరుస్తుంది, కళ్ళు మాత్రం రెండు నల్లటి గుంటలవుతాయి. సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు వెలుగు పక్కనుంచి వచ్చి ముఖాన్నీ, గోడ గరుకునూ కూడా చూపుతుంది. 150 సెంటీమీటర్ల పిల్లవాడికి అప్పుడు 4 మీటర్ల పైన నీడ పడుతుంది. పొద్దుటిపూటా, సాయంత్రమూ ఫోటోలు తీయమనడానికి కారణం ఇదే.

చిన్న కెమేరా చేసిన పని

పెద్ద పెట్టె, ముక్కాలిపీట, గాజు పలకలు మోసుకుని వీధిలో పరుగెత్తే మనిషిని పట్టుకోవడం కుదరదు. 1925లో లైకా అనే చిన్న కెమేరా అమ్మకానికి వచ్చింది. సినిమా ఫిల్ము దానికి సరిపోయేది. జేబులో పట్టే ఇలాంటి కెమేరాతో ఫ్రాన్సు దేశపు హెన్రీ కార్టియర్ బ్రెసన్ వీధుల్లో తిరిగాడు. ఎవరి దృష్టీ పడకుండా కెమేరాలో మెరిసే భాగాలకు నల్ల టేపు అంటించేవాడు. 1948లో గాంధీజీ అంతిమయాత్రను ఫోటోలు తీసినవారిలో ఆయన కూడా ఉన్నాడు.

అంతకు చాలాముందే మన హైదరాబాదుకు ఒక గొప్ప ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఆయన లాలా దీన్ దయాళ్. ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ 1874లో సరదాకు ఫోటోలు తీయడం మొదలుపెట్టి, చివరకు ఆరవ నిజాముకు ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. ఆయన 1905లో చనిపోయినా, ఆయన గాజు పలకలు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆనాటి కోటలూ, దర్బారులూ, దుస్తులూ ఎలా ఉండేవో వాటిని చూసి చెప్పగలుగుతున్నాము.

మీ బజారు ఫోటోకు కూడా రేపు అంత విలువ రావచ్చు. కాని ఎక్కడ, ఎప్పుడు తీసిందో తెలియని ఫోటోకు విలువ సగం పోయినట్టే. ఇక్కడే స్నేహితుడి అవసరం మళ్ళీ వస్తుంది. ఒకరు ఫోటో తీస్తుంటే రెండోవారు నోటుపుస్తకంలో తేదీ, సమయం, చోటు, కెమేరా ఏ దిక్కు చూస్తున్నదీ రాయాలి. పది ఫోటోలకొకసారి పనులు మార్చుకోండి. ఒకే చోట, ఒకే నిమిషంలో ఇద్దరూ తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు చూసింది రెండోవారు చూసి ఉండరు.

రెండు హద్దులు

మొదటి హద్దు ప్రాణానికి సంబంధించినది. ఫోను కెమేరా ఎక్కువ వెడల్పు చూపుతుంది. అందుచేత దూరంలో ఉన్నవి ఇంకా చిన్నవిగా, ఇంకా దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు ముందుకు వస్తుంది. తెరలో అది ఎక్కడో ఉన్నట్టుంటుంది, అసలు రైలు మాత్రం మీదికి వచ్చేస్తుంది. పట్టాల మీదికి వెళ్ళడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా. హైవే మీద సైతం ఇదే ప్రమాదం. కాబట్టి ఒకరు కెమేరాలో చూస్తున్నంతసేపూ రెండోవారు రోడ్డు మీదనుంచి కన్ను తిప్పకూడదు.

రెండో హద్దు ఎదుటి మనిషికి సంబంధించినది. పారిస్‌లో బూటు పాలిష్ వేయించుకున్న ఆయనకు తన బొమ్మ పడిందని బహుశా తెలిసే ఉండదు. దాన్ని ఒక్క క్షణంలో ఊరంతా పంచే సాధనం ఆనాడు లేదు. ఈనాడు మన చేతిలోనే ఉంది. చిరిగిన చీరతో కూరగాయలమ్మే అవ్వ, అలసి అరుగు మీద నిద్రపోయే కూలీ – వాళ్ళు మనకు బొమ్మలు కారు, మన ఊరివాళ్ళు. దగ్గరనుంచి ముఖం తీయాలనుకుంటే, ‘‘అవ్వా, ఒక ఫోటో తీసుకోనా?’’ అని అడగండి. వద్దంటే మానుకోండి. తీశాక వద్దన్నా, వాళ్ళ ఎదుటే చెరిపేయండి. ఒప్పుకుంటే తీసింది వాళ్ళకు చూపండి. ఆ నవ్వు మొదటి ఫోటోకంటే బాగుంటుంది, దాన్నీ అడిగి తీసుకోండి.

చేసి చూడండి

డాగూర్ వీధిని మీరూ సృష్టించవచ్చు. పొద్దుగూకాక ఫోనును కదలని గోడ మీద ఆనించి, కాలాన్ని 10 సెకన్లకు పెట్టండి. వీధి దీపం వెలుగులో మీ స్నేహితుణ్ణి ఆ పది సెకన్లూ కదలకుండా నిలబడమనండి. మొదటి ఫోటో అది. రెండోసారి ఆగకుండా అటూ ఇటూ నడవమనండి. మూడోసారి 5 సెకన్లు నిలబడి, తర్వాత ఫోటోలోంచి బయటకు పరుగెత్తమనండి. మూడో ఫోటోలో అతని చొక్కాలోంచి వెనక గోడ కనిపిస్తుంది. ఎందుకో మీరే చెప్పండి!