గోదారి ఏమిస్తే అదే విందు

నీటి ఒడ్డున కూర్చుని, ఆ పూట వలలో పడిన చేపతో అన్నం తినడం గ్రీకు దీవుల్లో రోజూ జరిగేదే. చేపల పులుసుకు పెట్టింది పేరైన గోదావరి తీరంలో, కొవ్వూరు గట్టు మీద, ఆ భోజనం ఎందుకు అరుదైంది? మళ్లీ ఎలా వడ్డించుకోవచ్చు?

ఆషాఢం దాటేసరికి ఎగువ వానలకు గోదావరికి ఎర్రనీరు తగులుతుంది. కొవ్వూరు గోష్పాద రేవులో మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. ఆ రోజుల్లో గట్టు మీద ఏ ఇద్దరు కలిసినా అడుక్కునే ప్రశ్నలు రెండే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులుంది? పులస పడుతోందా?

ఒకదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టే. వరద ఉద్ధృతే పులసను పిలుచుకొస్తుంది. బంగాళాఖాతంలో బతికే ఇలస గుడ్లు పెట్టడానికి మంచినీటిని వెతుక్కుంటూ నదిలోకి వస్తుంది. అంతర్వేది వైపు నుంచి వశిష్ఠలోకి, యానాం వైపు నుంచి గౌతమిలోకి ప్రవేశించి ప్రవాహానికి ఎదురీదుతుంది. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వును సముద్రంలోనే ఒంటినిండా దాచుకుని బయల్దేరుతుంది. పులుసు మీద తేలే నూనె, ముక్క నోట్లో కరిగే తీరు, అన్నీ ఆ కొవ్వు చలవే. కడలిలో ఉన్నంతసేపూ ఇలస, గోదారి నీళ్లు తాగాక పులస. ఈ తేడాకే కిలో పైబడిన ఒక్క చేప వేలంలో ఇరవై వేల రూపాయలు దాటిన సందర్భాలున్నాయి.

దాకలో పులుసు

పులస వండటం తెలిసిన ఇల్లాలి పక్కన ఒకసారి కూర్చుంటే ఆ ధరకు అర్థం కొంత తెలుస్తుంది. కత్తిపీట ముందేసుకుని, పొలుసు తీసి, రాళ్ల ఉప్పుతో రుద్ది, చేపను ముందే కడిగేస్తుంది. కోశాక మాత్రం ముక్కల్ని నీళ్లలో పెట్టి పిసకదు. అలా చేస్తే కొవ్వంతా నీళ్లపాలవుతుంది. వెడల్పు మూతి మట్టి దాకలో ముక్కలు పరిచి, ఉల్లిపాయ ముద్ద, కారం, పసుపు, ఉప్పు పట్టిస్తుంది. నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు, తొడిమ తీసిన లేత బెండకాయలు పైన వేసి, చిక్కటి చింతపండు రసం ముక్క మునిగేదాకా పోస్తుంది. మంట పెద్దది పెట్టదు. కట్టెలో పిడకలో సన్నగా రాజుకుంటూ ఉండాలి.

ఇక అక్కణ్నుంచి గరిటె దాక దరిదాపులకు రాదు. అంచుల్ని మసిగుడ్డతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా తిప్పుతుంది. గరిటె తగిలితే ముక్క విరిగిపోతుంది. దించే ముందు కాస్త వెన్న, ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఒక గరిటెడు. ఆ రాత్రికి మూత పెట్టేస్తుంది. తినేది మర్నాడే. రాత్రంతా పులుసు ముక్కలోకి, ముక్కలోని కొవ్వు పులుసులోకి ఎక్కుతాయి. సన్నటి ముళ్లు ఎన్నో ఉండే ఈ చేపను గబగబా తినడం కుదరదు. వేళ్లతో ముల్లు వెతికి తీస్తూ, ముద్ద ముద్దకూ ఆగుతూ తినాలి.

ఇంత తీరిక కోరే వంట కనుకే అది ఇంట్లోనే ఉండిపోయింది. గోదావరి చేప రుచిని కాపాడింది ఆడవాళ్ల చేయి. బయట బల్ల వేసి దాన్ని వడ్డించే చోటు మాత్రం మనం కట్టుకోలేదు.

అన్నం పెట్టిన ఆనకట్ట

కొవ్వూరు సంగతికి వస్తే ఇంకో చిక్కుంది. ఊరికి కాస్త దిగువనే నది మీద అడ్డుకట్ట ఉంది. సర్ ఆర్థర్ కాటన్ చేపట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో కట్టిన ఇప్పటి బ్యారేజీ 1982 నాటిది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో మొత్తం 175 గేట్లు. కొవ్వూరు వైపు గట్టుకు ఆనుకున్నది విజ్జేశ్వరం. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చిన పులసకు ఇక్కడ దారి మూసుకుపోతుంది. గేట్లన్నీ పైకెత్తిన పెద్ద వరదలోనే పైకి పోయే వీలు. అందుకే పులస వలలు ఎక్కువగా కనిపించేది ధవళేశ్వరం దిగువన, బొబ్బర్లంక, సిద్ధాంతం, యానాం వైపే. కొవ్వూరు బజారుకొచ్చే పులస కూడా చాలావరకు ఆనకట్ట కింది నీటి నుంచే రావాలి.

ఆ కట్టను తిట్టిపోయడం కృతఘ్నత. డెల్టాలో దాదాపు పది లక్షల ఎకరాలు దాని నీటితోనే పండుతున్నాయి. విస్తట్లో పులస ముక్క పక్కనున్న అన్నం కూడా కాటన్ పుణ్యమే. అయితే అన్నానికి దారి వేసినంత శ్రద్ధగా చేపకు దారి వేయలేదన్నదీ నిజమే. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆనకట్టలు ఇలస దారికి అడ్డుపడుతున్నాయని చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1870లలోనే రాశాడు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువ ఊళ్లలో ఇలస పడటం బాగా తగ్గిపోయింది. ఇప్పుడు ఫరక్కా ఎగువన ఇలసలను తెచ్చి వదిలే పనిని కేంద్ర సంస్థ చేపట్టింది. మన పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి ఫిష్ ల్యాడర్ కట్టారు. మంచి పనే. కానీ పోలవరం చేరాలంటే చేప ముందు ధవళేశ్వరం దాటాలి కదా! పైమెట్టు వేసి కిందిమెట్టు మరిచిపోతే ఎక్కేదెలా? కొవ్వూరు, తాళ్లపూడి, పోలవరం రేవుల వాళ్లంతా కలిసి గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది.

ఏజియన్ ఒడ్డున బల్ల

ఇక్కడ ఒకసారి గ్రీసు వైపు చూద్దాం. ఏజియన్ సముద్రంలోని చిన్న దీవుల్లో రేవు పక్కనే టవెర్నాలు ఉంటాయి. కాగితం పరిచిన చెక్క బల్లలు, పైకప్పు లేని వసారా, రెండడుగుల దూరంలో నీరు. ఎండకు ఆరేందుకు తాడు మీద వేలాడదీసిన ఆక్టోపస్. చాలాచోట్ల వచ్చిన వాళ్లను మంచు మీద పరిచిన చేపల దగ్గరికి తీసుకెళ్తారు. నచ్చిన చేపను చూపిస్తే అక్కడే తూచి, కిలో లెక్కన ధర చెబుతారు. బొగ్గుల మీద కాల్చి, ఆలివ్ నూనె, నిమ్మరసం చల్లి తెచ్చి పెడతారు. అంతే వంట. మసాలా లేదు, పులుసు లేదు. మన నాలుకకు చప్పగానే తోచవచ్చు. నేర్చుకోవాల్సింది వంటలో లేదు, నిజాయితీలో ఉంది. గడ్డకట్టించి నిల్వ చేసిన సరుకు వడ్డిస్తే ఆ సంగతి మెనూ మీద గుర్తుపెట్టి చెప్పాలన్నది అక్కడి చట్టం. తినేవాడికి తన పళ్లెంలో ఉన్నదేమిటో తెలియాలి.

మన దగ్గర ఏం జరుగుతోంది? నదిలో పులస దొరకని నెలల్లోనూ హోటళ్ల బోర్డుల మీద పులస పులుసు కనిపిస్తుంది. ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో మంచులో వచ్చిన ఇలసకు గోదావరి పేరు తగిలించి అమ్మడం అందరికీ తెలిసిన రహస్యం. ఆ ఇలసా మంచి చేపే. ఇలస అనే చెప్పి అమ్మితే దానికి రావలసిన గౌరవం దానికి వస్తుంది. అబద్ధం చెప్పినప్పుడు నష్టపోయేది తినేవాడొక్కడే కాదు. తెల్లారకముందే పడవేసుకుని వరదలోకి వెళ్లిన జాలరి కష్టానికి కూడా విలువ పడిపోతుంది.

పన్నెండు నెలల పళ్లెం

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత చేపకు కీర్తి తెచ్చింది, గోదారికి కొంత అన్యాయం చేసింది. రెండు మూడు నెలలుండే ఒక్క చేప చుట్టూ మాటంతా తిరిగి, తక్కిన ఏడాది నది ఇచ్చేది మరుగున పడిపోయింది.

దసరా, దీపావళి దాటి తూర్పుగాలి తిరిగితే సంగమాల దగ్గర చీరమేను గుంపులు కడుతుంది. చీరల్లాంటి నేత గుడ్డలతో పట్టే ఈ సన్నటి చేపపిల్లల్ని యానాం వైపు సేర్లతో, కుంచాలతో కొలిచి అమ్ముతారు. మసాలా కూర వండినా, పప్పులో కలిపి గారెలు వేసినా దాని రుచి దానిదే. చలికాలంలో బొమ్మిడాయిల పులుసు, కొర్రమేను ఇగురు. నీరు తగ్గి ఇసుక తిన్నెలు తేలే ఎండాకాలంలో చింతచిగురు వేసిన రొయ్యలు, మామిడికాయతో మెత్తళ్లు. ఆనకట్ట పైన నిలిచే మంచినీటిలో శీలావతి, బొచ్చె, వాలుగ, జెల్లలు ఏడాది పొడవునా ఉంటాయి. పెద్ద కాళ్ల నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీటిలోనే అయినా, పిల్లలు బతకడానికి దానికీ ఉప్పు కలిసిన నీరు కావాలి. కాబట్టి నదికీ కడలికీ మధ్య దారి తెరిచి ఉండాలన్న మాట పులస ఒక్కదాని కోసమే అనుకోనక్కర్లేదు.

పిల్లచేపల్ని ఊడ్చేయకుండా ఉండటం కూడా ఈ లెక్కలోదే. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. బంగ్లాదేశ్‌లో ఇలస గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. గోదావరిలో గుడ్లతో వచ్చే పులసకూ అలాంటి ఊపిరి ఇవ్వాలి. జాలరి ఇంట పొయ్యి ఆరకుండా చూసే ఏర్పాటుతో సహా ఇవ్వాలి.

గట్టు మీద పాక

మరి కొవ్వూరులో నది పక్కన భోజనం ఎలా ఉండాలి? ఏజియన్‌లో ఆటుపోట్లు స్వల్పం కనుక బల్లలు నీటి అంచునే వేస్తారు. గోదావరి అలా కాదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కు మూడోది. 1986 ఆగస్టు వరద చూసిన వాళ్లెవరూ నది లోపలి వైపు సిమెంటు కట్టడం కోరుకోరు. 1974లో రోడ్డు, రైలు వంతెన తెరిచాక లాంచీల రేవుకు పని తగ్గింది, ఊరు ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. నీటి వైపు మళ్లీ తిప్పడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. గట్టుకు ఈవల వైపు తాటాకు పాకలు చాలు. అవసరమైతే విప్పుకుని, వరద తీశాక మళ్లీ వేసుకోవచ్చు. గోష్పాదం స్నానఘట్టం, గుళ్లున్న చోటు. అక్కడ ఆ పవిత్రతకు భంగం కలగకూడదు. జాలర్లు పడవలు కట్టే పాయలు వేరుగా ఉన్నాయి, పాకలు వేయాల్సింది అక్కడ.

ఆ పాకల్లో వండేది జాలరి ఇళ్ల ఆడవాళ్లే కావాలి. వారి మహిళా సంఘాల చేతికి అప్పగిస్తే లాభం ఇంటికి చేరుతుంది. అచ్చువేసిన మెనూ బదులు ఒక పలక. ఆ పూట ఏం పడింది, ఎక్కడ పడింది, ఎంత ధర అన్నది దాని మీద సుద్దతో రాయాలి. నదిదైతే నదిదని, చెరువుదైతే చెరువుదని, సముద్రపు ఇలసైతే ఇలసేనని. వచ్చిన వాళ్లు బుట్ట ముందు నిలబడి “ఏమ్మా, గోదారిదేనా?” అని అడగాలి. “ఆయ్, గోదారిదేనండీ, మొప్ప ఎత్తి చూసుకోండి” అని ధైర్యంగా జవాబు రావాలి. చేప లేని రోజున లేదని చెప్పి పప్పుచారు వడ్డించినా సిగ్గుపడాల్సిన పని లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. లక్షల మంది ఈ ఒడ్డుకు వస్తారు. రేవుల మరమ్మతులకు, రోడ్లకు లెక్కలు వేస్తున్న వేళే మరో మూడు పనులు ఆ జాబితాలో చేరాలి. పట్టణాల మురుగు శుద్ధి కాకుండా నదిలో కలవకూడదు. ధవళేశ్వరం దగ్గర చేపకు దారి ఉండాలి. గట్టు మీద జాలరి కుటుంబాల పాకలకు చోటు కేటాయించాలి. ఈ మూడూ సాధ్యమైన పనులే. మొదటి రెండూ జరగకుండా మూడోది చేస్తే కొన్నాళ్లకు పాక ఉంటుంది, పొయ్యి ఉంటుంది, వండటానికి గోదారి చేప ఉండదు. కాబట్టి విందు గురించి మాట్లాడే ప్రతి గోదావరి మనిషీ నది గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి.