పచ్చికకు బదులు బొక్కెనాకు

మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులలో కొందరు ప్రతి ఏప్రిల్ మాసమునందును ఒకే ప్రశ్న వేయుచుందురు: "ముంగిటి పచ్చిక ఎండిపోయినదేమి? నీరు పోయుట లేదా?" ఈ ప్రశ్నకు మొదట లెక్కతో ఉత్తరమిచ్చెదము.

చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు నీరు నిలిచినయెడల అది ఒక లీటరగును. మన ఆర్మూరు ఎండలలో పచ్చిక వాడకుండవలెనన్న దినమునకు అయిదు మిల్లీమీటర్ల నీరైనను కావలెను. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల ముంగిలి 400 చదరపు మీటర్లు. దానికి దినమునకు 2,000 లీటర్లు. బిడ్డ యొక్కటికి రెండు లీటర్ల చొప్పున చూచినను, అది వేయిమంది పిల్లలు త్రాగు నీరు. జూన్ నెలలో పసుపు నాటి, తొమ్మిది నెలలు బోరుబావి వంక చూచుచు గడపు తండ్రులకు ఈ లెక్కను విప్పి చెప్పనక్కరలేదు.

ఇంటి ముందర పచ్చిక పరచు మర్యాద మనకు ఇంగ్లండు దేశమునుండి వచ్చినది. అచ్చట ఎండ తక్కువ, తుంపర ఏడాది పొడవున ఉండును. మన జిల్లాలో సంవత్సరమునకు దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన కురిసినను, అందులో హెచ్చు భాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే. ఇందులో గరిక తప్పేమియు లేదు. అది వేసవిలో ఎండి, తొలకరికి మరల చిగురించును. ప్రభువు కొండమీది ప్రసంగములో జ్ఞాపకము చేసిన గడ్డియు అట్టిదే గాని, గొట్టముతో నీరు పోసి పెంచినది కాదు. మే నెలలో గూడ అది పచ్చగా నుండవలెనని మనము పట్టుపట్టుటయే చిక్కు.

ఇక బొక్కెనాకు. నీళ్లు తోడు బొక్కెన కాదు సుమా! చెరువు కట్టల క్రిందను, కాలువ గట్లమీదను, వరి మళ్ల గట్లమీదను నేలకంటుకొని ప్రాకు మొక్క ఇది. కణుపు కణుపునకు వేరు దిగును. ఆకులు చిన్నవి, ఎదురెదురుగా నుండును, కొనయందు రంపపు పండ్లవలె నుండును. పొడవైన కాడ చివర తెలుపు, లేత ఊదా కలసిన పూలు గుండ్రముగా కూడియుండును. ఆ పూగుత్తి క్రమముగా సాగి పిప్పలికాయను పోలును గనుక సంస్కృతమున జలపిప్పలి యనిరి. శాస్త్రజ్ఞులు దీనిని ఫైలా నోడిఫ్లోరా యందురు. పూర్వపు గ్రంథములలో లిప్పియా అని యుండును. పంతొమ్మిదవ శతాబ్దము చివర ఫ్రాన్చెస్కీ అను ఇటలీ తోటమాలి ఈ తెగలోని మొక్కనే కాలిఫోర్నియాలోని ఎండ భూములలో పచ్చికకు బదులుగా ప్రచారము చేసెను.

మేము రెండేండ్ల క్రిందట మా యింటి ముందర దీనిని నాటితిమి. నాటుటకంటె గరికను తీయుటయే కష్టమైనది. పైన కోసిన లాభము లేదు, భూమిలోని కాడలను త్రవ్వి తీయవలెను. పిమ్మట తడిపి, రెండు వారములాగి, మరల మొలచినదానిని మరల త్రవ్వవలెను. ఈ రెండవ త్రవ్వకమును మానినవారు గరికనే పెంచుకొందురు. జూన్ వానలు పడగానే మూడేసి కణుపులున్న జేనెడు తీగలను జానెడు దూరమున నాటితిమి. కలుపుమందు చల్లిన గట్లనుండి తీగలు తేరాదు. వానాకాలము ముగియునప్పటికి ఎండ తగులుచోట నేల కనబడకుండ కప్పుకొన్నది. వేపచెట్టు నీడలో మాత్రము పలుచగా మిగిలినది. నిరుడు వేసవిలో వారమునకొక తడి పెట్టితిమి, కోత రెండు మారులే.

దోషములును చెప్పవలెను. పూలకు తేనెటీగలు వచ్చును. మా చిన్నవాడు ఉత్తకాళ్లతో నడచి కుట్టించుకొని రెండు దినములు కుంటెను. కాన పిల్లలు నడచుచోట పూలు విచ్చకముందే కోయవలెను. ఆటస్థలమునకు ఇది తగదు. కబడ్డీ కాళ్లక్రింద నలిగి ఓర్చుకొనునది గరికయే.

అంతకంటె పెద్ద దోషము దీని ప్రాకుడు. దక్షిణ అమెరికానుండి వచ్చిన దీని తోబుట్టువు ఆస్ట్రేలియాలో మర్రే, డార్లింగ్ నదుల వరద మైదానములను ఆక్రమించి పశువుల మేతను చెరచినది. మన మొక్క ఈ దేశమునకు క్రొత్తది కాకున్నను, పసుపు మడిలో దిగెనా అది కలుపే. త్రవ్విన ప్రతి కణుపును మరల మొలచును. కావున పొలము ప్రక్కనున్న ఇండ్లవారు దీనిని వేయరాదని మా అభిప్రాయము. నర్సరీలలో దొరకు పచ్చపూల వెడీలియా దీనికంటెను మొండిది, దానిని అసలే తేవద్దు.

మన పాఠశాల ముంగిలికి మూడు ప్రక్కల రాతిబాట యున్నది. నాలుగవ ప్రక్క, వాననీరు పొలములోనికి పోవు కాలువ. అచ్చట జానెడు లోతున బండలు పాతి గట్టు కట్టనిదే ఒక్క తీగయైనను నాటరాదు. నాటిన పిదప ప్రతి పెద్ద వాన మరునాడు ఒకరు ఆ గట్టు వెంబడి నడచి, దాటిన తీగలను లాగి ఎండలో పారవేయవలెను. కోసిన తీగలను కాలువలో వేయరాదు.