టేపుకు అందని ఒత్తిడి

జీన్స్ కుట్టుబడికి పేరుపడిన బళ్ళారిలో తయారయ్యే ప్రతి ప్యాంటు నడుము మీదా 28 అనో 30 అనో ఒక అంకె ఉంటుంది. దర్జీ మనిషిని కొలిచి కుట్టిన రోజుల్లో ఒంటిని బట్టి బట్ట మారేది గాని, అంకె ముందే స్థిరపడిన రెడీమేడ్ కాలంలో, ఆ అంకెలో పట్టని ఒంటిదే లోపమన్న భావన సులువుగా నాటుకుంటుంది. ఏ ఒళ్ళు మామూలుది, ఏది అందమైనది అని సమాజం ఎక్కడా రాయకుండానే పాటించే ఇటువంటి కొలతలను శరీర ప్రమాణాలు అంటారు. వాటికి సరిపడనివారిని సోమరులనీ తిండిపోతులనీ తీర్మానించి చిన్నచూపు చూడడమే బరువు కళంకం. మనిషికున్న ఒకే ఒక్క లక్షణం అతని మిగతా వ్యక్తిత్వాన్నంతా కప్పివేయడమే కళంకపు స్వభావమని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వివరించాడు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, బళ్ళారి మైసూరు (నేటి కర్ణాటక) రాష్ట్రంలో చేరింది. అప్పటినుంచీ ఆ రాష్ట్రంలోనే ఉన్నా తెలుగు వాడుక తగ్గని ఈ జిల్లాలో, ఇంట్లో 'లావు' అనిపించుకున్న పిల్ల బడిలో 'దప్ప' అనిపించుకుంటుంది. ఇంట్లో 'బక్క' అయిన పిల్లవాడు అక్కడ 'సణ్ణ' అవుతాడు. వెక్కిరింతకు రెండు భాషలున్నట్టే, ఇక్కడ సమస్యకూ రెండు ముఖాలున్నాయి. దేశవ్యాప్తంగా 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10–19 ఏళ్ళవారిలో 24 శాతం మంది వయసుకు తగినంత ఒళ్ళు లేనివారు, 5 శాతం మంది అధిక బరువున్నవారు. పోషకాహార లోపం కారణంగానే కర్ణాటక ప్రభుత్వం 2021 డిసెంబర్‌లో బళ్ళారితో సహా కల్యాణ కర్ణాటకగా పిలిచే ఈశాన్య జిల్లాల బడుల్లో కోడిగుడ్డు పంపిణీని మొదలుపెట్టింది. కాబట్టి ఒకే తరగతిలో తిండి చాలని పిల్లలూ బరువు పెరిగిన పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు, ఇద్దరికీ ఒళ్ళే పేరవుతుంది.

ఈ మాటలు కౌమారంలో, అంటే 10 నుంచి 19 ఏళ్ళ మధ్య, మరింత లోతుగా గుచ్చుకోవడానికి కారణం ఉంది. యుక్తవయసు వచ్చేటప్పుడు ఆడపిల్లల్లో కొవ్వు పెరగడం, మగపిల్లలు ఒకరు ముందూ ఒకరు వెనుకా ఎదగడం సహజమే అయినా, తోటివారి మెప్పు కోసం తపించే ఆ వయసులో ప్రతి మార్పూ ఒక తీర్పులా తోస్తుంది.

ఈ మాటలు తెచ్చే ఒత్తిడి మనసులోనే ఆగిపోదు. ముప్పును గుర్తించిన మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీ గ్రంథికి సంకేతం పంపితే, అది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను కదిలిస్తుంది, అక్కడినుంచి కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో కలుస్తుంది. పెద్దవారి మీద జరిగిన 208 ప్రయోగాలను 2004లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, ఇతరులు తమను తక్కువగా అంచనా వేస్తున్నారనిపించి, దాన్ని ఆపడం తమ చేతిలో లేనప్పుడే కార్టిసాల్ అత్యధికంగా పెరుగుతుందని తేలింది. ఒంటి మీద వెక్కిరింతలో ఈ రెండు షరతులూ ఉన్నాయి. ఎడతెగని కార్టిసాల్ తీపి, కొవ్వు పదార్థాల మీద కోరికను పెంచి, పొట్ట దగ్గర కొవ్వు చేరడానికి తోడ్పడుతుంది. ఆ పెరిగిన బరువే మళ్ళీ వెక్కిరింతకు కారణమవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ టొమియామా 2014లో ఒక విషవలయంగా చిత్రించింది. సిగ్గుపడితేనైనా తగ్గుతారన్న పెద్దల నమ్మకాన్ని ఈ వలయం తలకిందులు చేస్తుంది. ఎందుకంటే ఆటల పీరియడ్‌కు దూరంగా కూర్చున్న పిల్లకు కదలికా తగ్గుతుంది, తోడూ తగ్గుతుంది.

ఈ ప్రమాణాలు శాశ్వతమైనవీ కావు. 'ఒళ్ళు చేశావు' అనడం ఒకప్పటి తెలుగు ఇళ్ళలో మెచ్చుకోలు, 'చిక్కిపోయావు' అనడం దిగులు. తర్వాతి కాలంలో సినిమా హాస్యం లావును నవ్వుల సరుకుగా మార్చింది. నిండైన ఒంటిని ఆదరించే ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చాక, 1998 నాటికి బడికెళ్ళే ఆడపిల్లల్లో 11 శాతం మంది సన్నబడడానికి తిన్నది కక్కుకుంటున్నట్టు పరిశోధకురాలు ఆన్ బెకర్ అధ్యయనంలో వెల్లడైంది; అంతకుముందు ఆ అలవాటున్నవారు లేరు. చేతిలోని ఫోను ఆ టెలివిజన్ కన్నా దగ్గరగా ఉంటుంది.

ఇదంతా బరువును పట్టించుకోవద్దని చెప్పడం కాదు. బరువును ఎత్తు వర్గంతో భాగించి లెక్కగట్టే బీఎంఐని పిల్లల విషయంలో వయసునూ ఆడ, మగ తేడానూ బట్టి చూడాలి, అది ఆరోగ్యానికి సూచన మాత్రమే గాని గుణానికి కొలత కాదు. బరువు మాట ఎత్తే తీరు పిల్లలను గాయపరచకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో వైద్యులకు సూచించింది. మనసు కలత చెందిన పిల్లలకు 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ కన్నడంలోనూ అందుతుంది. అంతకన్నా ముందు బడిలోనే చేయగల పని ఒకటుంది: ఆరోగ్య పరీక్షల రోజున త్రాసు మీద కనిపించిన అంకెను తరగతికంతా వినిపించకుండా, తెర చాటున రాసుకుని, అవసరమైతే ఆ పిల్లకూ ఆమె తల్లికీ మాత్రమే చెప్పడం.