ఎగువ వారి కబురు - మంజీర రైతునకు దాని విలువ

పై మడి రైతు గట్టుకు గండి కొట్టునపుడు క్రింది మడి రైతునకు ఒక కేక వేయును. కేక అందినచో క్రింది రైతు తన గట్టు తానే తెంచి నీటిని దాటించుకొనును. అందనిచో తెల్లవారునప్పటికి నారు ఒండ్రు క్రింద పడి యుండును. రాష్ట్రముల నడుమ, దేశముల నడుమ పారు నదులలో జరుగునదియు ఇంతే. మడి పెద్దది, కేక వేయవలసిన దూరము ఎక్కువ.

మంజీర మన బాన్సువాడ తట్టునకు వచ్చునప్పటికే మూడు రాష్ట్రముల వాన నీటిని మోసికొని వచ్చుచున్నది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు, కర్ణాటకలోని బీదరు జిల్లాలను దాటి, సంగారెడ్డి, మెదక్ మీదుగా నిజాంసాగరు చేరును. అచటినుండి బాన్సువాడ, బీర్కూరు, కోటగిరి, బోధన్ ప్రాంతముల మీదుగా పోయి కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. సాలూర వద్ద నిలిచి చూచినచో అవతలి ఒడ్డు మహారాష్ట్రయే. నది పొడవు 724 కిలోమీటర్లు, నీరు వచ్చి చేరు నేల సుమారు 30,800 చదరపు కిలోమీటర్లు. దారిలో ధనేగాం వద్ద మంజర ఆనకట్ట, తరువాత సింగూరు, ఘనపురము ఆనకట్టలు కలవు. ఉపనదులైన తేర్ణా, కారంజాలపై వేరు జలాశయములు గలవు. వీని తలుపులు ఎవరు ఎప్పుడు ఎత్తుదురో అనుదానిపై మన వరద చాలవరకు ఆధారపడియున్నది.

ఈ నది స్వభావము తెలియుటకు 2016వ సంవత్సరము ఒక్కటి చాలును. ఆ ఏప్రిలులో మంజర ఆనకట్ట ఎండిపోగా లాతూరు పట్టణమునకు మిరజ్ నుండి రైలులో త్రాగునీరు తెచ్చిరి. సింగూరు కూడ ఎండినది. అదే సంవత్సరము సెప్టెంబరు వానలకు నదిపై జలాశయములు నిండినవి. ఆరు మాసములలో కరవును, వరదను రెంటిని చూపిన నది ఇది.

నీటి వాటాల విషయమున పొరుగు రాష్ట్రములు ఏనాడో ఒక ఒడంబడికకు వచ్చినవి. 1969లో గోదావరి జలవివాదముల ట్రిబ్యునలును బచావత్ గారి అధ్యక్షతన కేంద్రము నియమించినది. విచారణ సాగుచుండగనే, 1975లో కర్ణాటకతోను, మహారాష్ట్రతోను నాటి ఆంధ్రప్రదేశ్ ఒప్పందములు చేసికొన్నది. 30 టి.ఎం.సి.ల సింగూరు జలాశయమునకు, అందుండి హైదరాబాదు త్రాగునీటికి 4 టి.ఎం.సి.లు తీసికొనుటకు ఆ ఒప్పందములలోనే అంగీకారము కుదిరినది. 1980లో ట్రిబ్యునలు తుది తీర్పు వెలువడినది. అయితే వాటా అనునది సంవత్సరమునకు ఇన్ని టి.ఎం.సి.లని లెక్క. వరద గంటల లెక్క. సంవత్సరపు లెక్క ఎంత సరిగా ఉన్నను గంటల లెక్క తప్పినచో పొలము మునుగును.

ఆ గంటల లెక్కను కొంచెము ఓపికతో చూడవలెను. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సుమారు 23,000 ఎకరములలో ఒక అడుగు లోతున నిలుచు నీరు. లక్ష క్యూసెక్కుల ప్రవాహము ఒక రోజంతయు వచ్చినచో 8.64 టి.ఎం.సి.లగును. నిజాంసాగరును నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి ఆధ్వర్యమున 1923-31 నడుమ కట్టినపుడు దాని నిల్వ 29 టి.ఎం.సి.లకు పైబడి యుండెను. పూడిక చేరి నేడు 1,405 అడుగుల మట్టము వద్ద 17.8 టి.ఎం.సి.లు మాత్రమే పట్టుచున్నది. సగము నిండియున్న జలాశయమునకు లక్ష క్యూసెక్కులు వచ్చినచో ఒక రోజుకు కొంచెము మించి పట్టునంతే, అది నిండిపోవును.

ఇచట రైతునకు, ఇంజనీరునకు పేచీ వచ్చును. యాసంగి వరికి నీరు కావలెను కనుక జలాశయము నిండుగా ఉంచుడని రైతు కోరును. వరద వచ్చిన పట్టుటకు చోటు ఉండవలెనని ఇంజనీరు కొంత ఖాళీ ఉంచగోరును. ఇరువురి మాటయు న్యాయమే. ఈ పేచీని తీర్చగలది ఎగువనుండి వచ్చు కబురు. పండ్రెండు గంటలు ముందుగా తెలిసినచో 40,000 క్యూసెక్కుల చొప్పున వదలి 1.7 టి.ఎం.సి.ల చోటు చేసికొనవచ్చును. దిగువ వారికి నడిరేయి హఠాత్తుగా లక్ష క్యూసెక్కులు మీద పడుటకు బదులు, నీరు మెల్లగా పెరుగును. కబురు నమ్మదగినదైనచో ఆ మేరకు జలాశయమును ముందునుండి ఖాళీగా ఉంచవలసిన పని లేదు. 1.7 టి.ఎం.సి.లు అనగా దాదాపు 39,000 ఎకరములకు ఒక అడుగు తడి. కాబట్టి పొరుగు రాష్ట్రపు కబురును మర్యాదగా కాక నీటి క్రింద లెక్క కట్టవలెనని నా అభిప్రాయము.

కబురుతో పాటు తలుపులు ఎత్తు తేదీలు కూడ వ్రాతపూర్వకముగ ఉండుట మేలు. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో గోదావరిపై మహారాష్ట్ర కట్టిన బాబ్లీ ఆనకట్టపై వివాదము సుప్రీంకోర్టుకు పోయినది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చినది. జులై 1 నుండి అక్టోబరు 28 వరకు తలుపులు ఎత్తియుంచవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి.లు దిగువకు వదలవలెను; ఇవి సరిగా జరుగుచున్నవో లేవో ముగ్గురు సభ్యుల సంఘము చూడవలెను. మన మండలమునకు గోదావరితో పనియేమి అని కొందరు అడుగుదురు. కందకుర్తి వద్ద గోదావరి నిండుగా పారుచున్నపుడు మంజీర నీరు అందులోనికి దిగలేక వెనుకకు ఎగదన్నును. వాన వెలిసిన తరువాత కూడ సంగమమునకు చేరువ పొలములలో నీరు నిలుచుటకు కారణమిదియే. కావున గోదావరి మట్టము మంజీర రైతు కూడ కనిపెట్టియుండవలెను.

ఇరు రాష్ట్రములు కలసి తలపెట్టిన పని లెండి ప్రాజెక్టు. మంజీర ఉపనదియైన లెండిపై నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకాలో ఆనకట్ట. ఇటు మద్నూరు, బిచ్కుంద మండలములకును నీరు రావలెనని ఏర్పాటు. దశాబ్దములుగా ఈ పని నత్తనడక నడచినది. 2025 ఆగస్టులో ముఖేడ్ తాలూకా గ్రామములను వరద ముంచినది. అదే నెల 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలపైననే కుంభవృష్టి కురిసి పోచారము జలాశయము పొర్లినది. ప్రతి వరదకును పొరుగువారినే తప్పు పట్టరాదు. మనపై పడిన వానను గూర్చి దిగువనున్న వారికి కబురు పంపవలసినది మనమే.

దేశముల నడుమను ఇదే కథ. 1954లో భారత, నేపాళములు కోసీ నదిపై ఒప్పందము చేసికొని బరాజు, కరకట్టలు కట్టినవి. 2008 ఆగస్టు 18న నేపాళములోని కుసహా వద్ద కరకట్ట తెగి, బీహారులో లక్షలాది జనులు నిరాశ్రయులైరి. ఆ దినమున ప్రవాహము కరకట్టకు నిర్ణయించిన హద్దులో చిన్న భాగమే. ఒప్పందము ఉన్నది, గట్టు ఉన్నది. గట్టును కనిపెట్టి మరమ్మతు చేయుట మాత్రము ఇరువురిలో ఎవరి పని అన్నట్లు జారిపోయినది. బంగ్లాదేశమునకు మాత్రము వానకాలమున గంగ, బ్రహ్మపుత్ర మట్టములను మన దేశము పంపుచుండుట అచటి వరద హెచ్చరికలకు ఆధారమగుచున్నది.

ఇక గ్రామాధికారులు చేయవలసినది. కేంద్ర జల సంఘము వరద అంచనాలను 2023లో వెలువడిన ఫ్లడ్‌వాచ్ ఇండియా ద్వారా చేతి ఫోనులోనే చూడవచ్చును. నిజాంసాగరులోనికి వచ్చుచున్న నీరెంత, వదలుచున్న నీరెంత అను రెండు అంకెలను రైతువేదిక బోర్డుపై ఉదయము, సాయంత్రము వ్రాయించవలెను. ఎన్ని క్యూసెక్కులు వదలినపుడు నీరు మన ఊరి ఏ గట్టు వరకు వచ్చినదో, వచ్చుటకు ఎన్ని గంటలు పట్టినదో ఒక పుస్తకమున గుర్తించియుంచినచో, మరుసటి ఏడు ఆ అంకె వినగానే ఎవరి పొలము మునుగునో చెప్పవచ్చును. ఏటి ఒడ్డున మోటార్లు, స్టార్టర్లు గలవారికి మొదట కబురు చేయవలెను. తడిసిన మోటారు బాగుచేయించు ఖర్చు చిన్నది కాదు. ఏటి ప్రక్క రైతులు స్వల్పకాలిక వరి విత్తనము కొంత చేతనుంచుకొనుట మంచిది. మునిగిన వరిలో నీరు తీసివేసిన పిదప ఎకరమునకు 20 కిలోల యూరియా, 10 నుండి 15 కిలోల పొటాషు వేయవలెను. నీరు నిలిచియుండగా వేసిన ఎరువు ఏటి పాలగును.