రాయి చెప్పిన రాణి కథ

అక్కల్లారా! రాణి రుద్రమదేవి పేరు విన్నారా? 700 ఏండ్ల కిందట ఓరుగల్లు నుంచి రాజ్యం ఏలిన కాకతీయ రాణి.

ఆమె ఎప్పుడు చనిపోయింది? 1295 దాకా బతికిందని చాలామంది చరిత్రకారులు అనుకున్నారు.

తర్వాత నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం బయటపడింది. శాసనమంటే రాతిమీద చెక్కిన రాత. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారనీ, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానమిచ్చాడనీ అందులో ఉంది. దాని తేదీ 1289 నవంబరు 27. అంటే అంతకు ముందే రాణి చనిపోయింది.

ఒక బంటు రాయించిన రాత రాణి చరిత్రను సరిదిద్దింది.

మన ఇస్మాయిల్‌ఖాన్‌పేటలోనైనా, ఏ ఊళ్ళోనైనా అక్షరాలున్న పాత రాయి కనబడితే పగలగొట్టనియ్యకండి. సున్నం పూయనియ్యకండి. అందులో ఎవరి కథ ఉందో!